కుళాయి ధారగా వస్తోంది, మెషీన్ మాత్రం నీళ్ళు లేవంటోంది. బోర్డు మార్చాలంటున్నారు, ఏం చేయమంటారు?

పెనుకొండ పిల్ల (హొరమావు, బెంగళూరు)

అందరికీ నమస్కారం. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. వివరాలన్నీ ఉంటేనే ఎవరైనా సరిగ్గా చెప్పగలరు.

మాది 7 కేజీల ఫ్రంట్ లోడ్. కొని నాలుగున్నరేళ్ళయింది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి పెట్టిన పోస్టు కాదిది. పది రోజులుగా ఒకటే తంతు. బట్టలు వేసి స్టార్ట్ నొక్కుతాను. తలుపు టక్కుమని లాక్ పడుతుంది. నీళ్ళు సుయ్‌మని దిగే చప్పుడు వినిపిస్తుంది. డ్రమ్ము కాసేపు అటు, కాసేపు ఇటు తిరుగుతుంది. పావుగంట తిరక్కుండానే పీ పీ పీ అని అరిచి ఆగిపోతుంది, డిస్‌ప్లే మీద ఒక కోడ్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. పుస్తకంలో వెతికితే దానికి అర్థం ‘నీళ్ళు అందడం లేదు, కుళాయి తిప్పారో లేదో చూసుకోండి’ అని ఉంది. కుళాయి తిప్పే ఉంది. పైపు ఊడదీసి బకెట్ పెట్టి కూడా చూశాను, ధారగానే వస్తోంది.

శనివారం సర్వీసు మనిషిని పిలిపించాం. మెషీన్ వెనక్కి ఫోన్ టార్చి వేసి చూశాడు, రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాడు, ‘పీసీబీ (మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) పోయింది మేడం, 8,400 అవుతుంది, బోర్డు రావడానికి వారం’ అన్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. వచ్చినందుకు 450 తీసుకుని వెళ్ళిపోయాడు.

మా నాన్నకి జనవరిలో పక్షవాతం వచ్చింది. ఫిబ్రవరి నుంచి మా దగ్గరే ఉంటున్నారు. రోజుకి రెండు దుప్పట్లు, నాలుగు లుంగీలు, కింద పరిచే రబ్బరు షీటు ఉతుక్కి పడతాయి. ఈ పది రోజులూ అమ్మే బాత్రూంలో పీట వేసుకుని కూర్చుని ఉతుకుతోంది. ఆవిడకి అరవై ఆరేళ్ళు. తడిసిన దుప్పటి ఒక్కరి వల్ల పిండడం కావడం లేదు, సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరం చెరో కొసా పట్టుకుని మెలిపెడుతున్నాం. డబ్బు గురించి వెనకాడటం లేదు. అంత పోసి బోర్డు మార్చాక కూడా మళ్ళీ ఇదే కోడ్ వస్తే ఏం చేయాలన్నదే నా భయం.

ఇంకా చెప్పాల్సినవి: మాది నాలుగో అంతస్తు, ఆఖరుది. నెత్తి మీదే ట్యాంకు. బోరు నీళ్ళు, అవి చాలనప్పుడు ట్యాంకరు. మెషీన్ వంటింటి వెనక యుటిలిటీలో ఉంది. ఈ నెల మొదట్లో నాన్న పట్టుకోవడానికని పక్క బాత్రూం గోడకి స్టీలు రాడ్లు బిగించారు, అప్పుడు డ్రిల్లింగుకి అడ్డమని మెషీన్‌ని ముందుకి లాగి మళ్ళీ నెట్టారు. అంతకు మించి దేన్నీ ముట్టుకోలేదు.

500డి ప్రయాణికుడు (మహదేవపుర, బెంగళూరు)

మాదీ ట్యాంకు కింది అంతస్తే అండీ. 2024 ఎండాకాలంలో మా అపార్టుమెంటు బోర్లు ఎండిపోయి రెండు నెలలు ట్యాంకర్ల మీదే బతికాం. అప్పుడు మాకు అచ్చం ఇదే జరిగింది. మెషీన్ వెనక నీళ్ళ పైపు బిగించే చోట, లోపల వేలి గోరంత జాలీ ఒకటి ఉంటుంది. ట్యాంకరు నీళ్ళలోని ఒండ్రంతా దానికి పట్టేసింది. అది కడిగాక సగం నయం.

మిగతా సగం ప్రెషర్. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మీ కుళాయికీ పైన ట్యాంకులోని నీటికీ మధ్య మూడు మీటర్లే ఉంటే మీకొచ్చేది 0.3 బార్. మా మాన్యువల్‌లో కనీసం 0.5 కావాలని ఉంది. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి అదే ట్యాంకు నుంచి ఒక బార్‌కి పైనే వస్తుంది, అందుకే వాళ్ళ మెషీన్లకి ఈ గొడవ ఉండదు. బకెట్లో ధార చూసి మోసపోకండి. లావు పైపులోంచి ధారగా పడే నీళ్ళే మెషీన్ వాల్వ్‌లోని చిన్న రంధ్రంలోంచి దూరాలంటే ఒత్తిడి కావాలి. మేం చివరికి చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకున్నాం. 2024 అక్టోబరులో కావేరి నీటి సరఫరా పథకం ఐదో దశ ప్రారంభమయ్యాక మా కాలనీకి కనెక్షన్ వచ్చింది, ఇప్పుడు జాలీ అంత తొందరగా మూసుకుపోవడం లేదు.

మదనపల్లె మెకానిక్ (కేఆర్ పురం, బెంగళూరు)

అమ్మా, బోర్డుకి ఇప్పుడే డబ్బు కట్టొద్దు. నేను 2004 నుంచి ఈ పనిలోనే ఉన్నాను, మొదట కంపెనీ సర్వీసులో, ఇప్పుడు సొంతంగా. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన వాక్యాల్లోనే జవాబుందని నాకనిపిస్తోంది.

ముందు ఒకటి అడుగుతాను. తలుపు లాక్ పడుతోందా? పడుతోంది. నీళ్ళ వాల్వ్ తెరుచుకుంటోందా? సుయ్‌మంటోందంటే తెరుచుకుంటోంది. డ్రమ్ము రెండు వైపులా తిరుగుతోందా? తిరుగుతోంది. ఈ మూడూ చేయించేది ఆ బోర్డే కదా. మూడు పనులు శుభ్రంగా చేయించి, నాలుగోది కాలేదని మీకు చెప్పిన బోర్డుని పోయిందని ఎలా అంటాం? పోయే అవకాశం అసలే లేదనను, కానీ అది ఆఖరున చూడాల్సింది, మొదట చూడాల్సింది కాదు.

కోడ్ అంటే పాడైన పార్టు పేరు అనుకుంటారు చాలామంది. మా కుర్రాళ్ళు కూడా కొందరు అలాగే అనుకుని పార్టులు మారుస్తారు. మెషీన్‌కి మీ కుళాయి కనపడదమ్మా. తొట్టి అడుగు నుంచి ఒక సన్న రబ్బరు గొట్టం పైకి వెళ్ళి ప్రెషర్ సెన్సారుకి తగులుతుంది. తొట్టిలో నీళ్ళు పెరిగేకొద్దీ ఆ గొట్టంలో గాలి నొక్కుకుంటుంది. ఆ నొక్కుడుని బట్టి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో బోర్డు లెక్క కడుతుంది. వాల్వ్ తెరిచి ఇన్ని నిమిషాలైంది, మట్టం ఇంకా రాలేదు. దానికి తెలిసింది ఇంతే. ఆ ముక్కే మీకు కోడ్‌గా చూపిస్తోంది. అసలు నీళ్ళే రాకపోయినా మట్టం రాదు. వచ్చిన నీళ్ళు నిలవకపోయినా రాదు. నిలిచినా ఆ సన్న గొట్టంలో సబ్బు జిడ్డు పట్టి గాలి నొక్కుకోకపోతే వచ్చినట్టు సెన్సారుకి తెలియదు. మూడింటికీ కోడ్ ఒక్కటే.

పైన ఆయన చెప్పిన ప్రెషర్ లెక్క సరైనదే. కానీ ఇదే ట్యాంకు కింద, ఇదే కుళాయితో మీ మెషీన్ నాలుగున్నరేళ్ళు నడిచింది. ప్రెషర్ కొత్తగా ఇప్పుడు తగ్గలేదు. ఈ నెలలో కొత్తగా జరిగింది ఒక్కటే, మెషీన్‌ని లాగి నెట్టారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

మెషీన్ వెనక మురికి నీళ్ళు పోయే బూడిద రంగు పైపు ఉంటుంది. కంపెనీ దాన్ని వీపు మీదుగా పైకి తీసుకెళ్ళి ఒక క్లిప్పులో ఇరికించి, అక్కణ్ణుంచి కిందికి వదులుతుంది. నేల నుంచి 60 సెంటీమీటర్లకి తగ్గకుండా, 100 దాటకుండా ఆ ఎత్తు ఉండాలని మాన్యువళ్ళలో రాసి ఉంటుంది. ఎందుకో ఎవరూ చదవరు. ఫ్రంట్ లోడ్‌లో నీళ్ళు బయటికి తోసే పంపు ఉంటుంది గానీ, దారి మూసే తలుపు ఉండదు. పంపు ఆగితే దారి తెరిచే ఉంటుంది. నీళ్ళు లోపల నిలుస్తున్నాయంటే ఆ పైపు పైకెక్కి ఉండబట్టే. పైపు క్లిప్పులోంచి ఊడి నేల మీద పడిందనుకోండి, ఒక పక్క నుంచి వచ్చిన నీళ్ళు ఇంకో పక్క నుంచి తూములోకి పోతూనే ఉంటాయి. కుళాయి ధారగా వస్తుంది, వాల్వ్ సుయ్‌మంటుంది, మట్టం మాత్రం రాదు. అడుగు లేని బిందెలో పోసినట్టే.

చూడటం తేలిక. బట్టలు వేయకుండా స్టార్ట్ చేసి, నీళ్ళు దిగే చప్పుడు మొదలవగానే తూము దగ్గర నిలబడండి. ఆ పైపులోంచి నీళ్ళు వస్తున్నాయా? నింపేటప్పుడు అక్కడ చుక్క కూడా రాకూడదు. వస్తే మీ రోగం అదే, వైద్యానికి రూపాయి ఖర్చు లేదు.

రాకపోతే జాలీ చూడండి. ప్లగ్ తీసేయండి, కుళాయి కట్టేయండి, ఆ తర్వాతే పైపు విప్పండి. పైపులో మిగిలిన నీళ్ళు పడతాయి, కింద గుడ్డ వేసుకోండి. లోపలి జాలీకి మధ్యలో చిన్న పిడిలా ఉంటుంది, కటింగ్ ప్లేయర్‌తో మెల్లిగా పట్టి నేరుగా లాగాలి, తిప్పకూడదు, ప్లాస్టిక్ విరుగుతుంది. బోరు నీళ్ళ తెల్ల పొర గోరుతో గీకితే పోదు. గ్లాసుడు వేడినీళ్ళలో చెంచా నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. కుళాయి వైపు కొసలో కూడా కొన్నిటికి ఇంకో జాలీ ఉంటుంది, అదీ చూడండి. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషర్ మర్చిపోకండి.

ఈ రెండూ అయ్యాక కూడా వస్తే అప్పుడు మనిషిని పిలవండి. వాల్వ్ కాయిల్‌కి మీటరు పెట్టి చూపించమనండి, 220 వోల్టుల కాయిల్ అయితే సుమారు 3 నుంచి 5 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. సన్న గొట్టం ఊది చూడమనండి. ఇవి చూడకుండా బోర్డు అంటే ఒప్పుకోకండి. ఒకవేళ మార్చాల్సే వస్తే ఎస్టిమేటు కాగితం మీద తీసుకోండి, పాత బోర్డు మీ చేతికి ఇవ్వమనండి. ఏదైనా తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇంకొక మాట, ఇది కోడ్ కంటే ముఖ్యం. రబ్బరు షీటు ఉతుక్కి పడుతుందని రాశారు. దాన్ని మెషీన్‌లో వేస్తున్నారా? వేయకండమ్మా. రబ్బరు షీటులోంచి నీళ్ళు బయటికి రావు, సంచిలా పట్టుకుని కూర్చుంటాయి. స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే వేళ ఆ నీళ్ళ మూట ఒక పక్కన చేరితే మెషీన్ ఎగిరెగిరి పడుతుంది. బేరింగు, కుదుపు ఆపే డాంపర్లు పోతాయి, తలుపు అద్దం పగిలిన ఇళ్ళు కూడా నేను చూశాను. దాన్ని చేత్తోనే కడిగి నీడన ఆరేయండి. దుప్పటి కూడా ఒక్కటే వేయకండి, ఉండ చుట్టుకుని బరువంతా ఒక వైపు పడుతుంది. రెండు దుప్పట్లూ లుంగీలూ కలిపి విడివిడిగా విదిలించి వేస్తే బ్యాలెన్స్ కోడ్ రాదు.

తాంబరం తెలుగు (చెన్నై)

మెకానిక్ అన్నా, మా ఇంట్లో మెషీన్ ఏం బాగానే ఉంది, అయినా మీ జవాబు మొత్తం చదివాను. నాకెప్పటినుంచో ఉన్న సందేహం ఒకటి తీర్చండి. మా అక్కావాళ్ళది ఒక కంపెనీ, మాది ఒకటి, మామగారిది ఇంకొకటి. ఒకే జబ్బుకి మూడు ఇళ్ళలో మూడు పేర్లు. పైగా ఆ డిస్‌ప్లేలో అది అక్షరమో అంకో కూడా తెలిసి చావదు. దీనికేమైనా పద్ధతి ఉందా?

మదనపల్లె మెకానిక్

అందరికీ కలిపి ఒక పద్ధతంటూ లేదు తమ్ముడూ, ఎవరి లెక్క వాళ్ళది. అయినా కొంచెం చూస్తే పట్టు దొరుకుతుంది. ఎల్‌జీలో మొదటి అక్షరం ఇంగ్లీషు మాటకి పొడి అక్షరం. నీళ్ళు లోపలికి రాకపోతే ఐఈ, బయటికి పోకపోతే ఓఈ, బరువు ఒక పక్కకి పోతే యూఈ, తలుపు పడకపోతే డీఈ. శాంసంగ్‌లో అంకెలు: నీళ్ళు రాకపోతే 4ఈ, పోకపోతే 5ఈ. కొత్త మోడళ్ళలో ‘ఈ’ తీసేసి ‘సీ’ పెట్టారు, కాబట్టి 4సీ, 5సీ. బాష్‌లో పంపు వైపు తేడా వస్తే ఈ18. కోడ్ చూసి ఇంటర్‌నెట్‌లో వెతికేటప్పుడు కంపెనీ, మోడల్ నంబరు రెండూ కొట్టండి. ఎల్‌ఈ అనేది ఎల్‌జీలో మోటారు గొడవ, శాంసంగ్‌లో నీళ్ళు కారడం. వేరే కంపెనీ పేజీ చదివి మోటారు తెప్పించుకున్నవాళ్ళున్నారు.

అక్షరమో అంకో తెలియకపోవడం మీ కంటి తప్పు కాదు. ఆ డిస్‌ప్లేలో ఒక్కో గడికి ఏడు గీతలే ఉంటాయి. ఆ ఏడు గీతల్లో 5 వేసినా ఎస్ వేసినా ఒకటే బొమ్మ. అందుకే 5ఈ ని చాలామంది ఫోన్ చేసి ఎస్‌ఈ అని చెప్తారు, పుస్తకంలో కనపడక కంగారు పడతారు. పెద్ద డీ వేస్తే సున్నాలా కనిపిస్తుందని చిన్న డీ వేస్తారు. ఫోటో తీసి పంపమని నేను అడిగేది అందుకే.

ఇంకోటి. ఎల్‌జీలో సీఎల్ అని వస్తే అది జబ్బే కాదు, పిల్లలు నొక్కకుండా ఉండే తాళం పడింది. ఏ బటన్ల మీద తాళం గుర్తుందో చూసి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే పోతుంది. దీనికోసం నేను వైట్‌ఫీల్డ్ దాకా వెళ్ళొచ్చిన రోజులున్నాయి, డబ్బు తీసుకోబుద్ధి కాలేదు.

నీళ్ళు బయటికి పోవడం లేదనే కోడ్ ఏ కంపెనీలో వచ్చినా మొదట మెషీన్ ముందు వైపు కింద మూలన ఉండే చిన్న మూత తెరవండి. ఫిల్టరు తిప్పే ముందు పక్కనున్న సన్న గొట్టంతో నీళ్ళన్నీ పళ్ళెంలోకి వదిలేయాలి. వేడినీళ్ళ వాష్ మధ్యలో ఆగి ఉంటే చల్లారేదాకా ఆగండి, చెయ్యి కాలుతుంది. పిన్నీసులు, రూపాయి బిళ్ళలు, పిల్లల సాక్సులు అక్కడే దొరుకుతాయి.

పెనుకొండ పిల్ల

అన్నా, రాత్రి పదకొండుకి రాస్తున్నాను. చెప్పకుండా పడుకోబుద్ధి కాలేదు.

మొదట జాలీనే తీశాను, మహదేవపుర వాళ్ళు చెప్పింది తేలిగ్గా అనిపించి. సగం మూసుకుపోయి ఉంది, కాఫీ డికాక్షన్ అడుగులాంటి మడ్డి, దాని మీద తెల్లటి పెచ్చు. నిమ్మ ఉప్పులో నానబెడితే నురగ వచ్చి ఊడిపోయింది. బిగించి ఆన్ చేస్తే ఇంతకుముందుకంటే గట్టిగా నీళ్ళు దిగిన చప్పుడు. చాలా సంబరపడ్డాను. పావుగంటకి మళ్ళీ అదే కోడ్. నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత మీరు చెప్పినట్టు ఉత్త డ్రమ్ముతో స్టార్ట్ చేసి తూము దగ్గర వంగి చూశాను. పైపు కొస తూము జాలీ కిందికి పోయి ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ కనపడలేదు. జాలీ ఎత్తి చూస్తే వేలి లావున నీళ్ళు పోతూనే ఉన్నాయి, చల్లగా, శుభ్రంగా, సబ్బు నురగ కూడా లేకుండా. పది రోజులుగా ట్యాంకరు నీళ్ళు అలా తూములోకి పోయాయి. మా వారు మెషీన్‌ని జానెడు ముందుకి లాగారు. వెనక ప్లాస్టిక్ క్లిప్పు ఒక చెవి విరిగి ఉంది, పైపు పాములా నేల మీద పడుకుని ఉంది.

పైపుని నడుము ఎత్తున చేత్తో పట్టుకుని నిలబడ్డాను. తూములో ధార సన్నబడి ఆగిపోయింది. అమ్మ డ్రమ్ము ముందు కూర్చుని చూస్తోంది. మూడు నాలుగు నిమిషాలకి ‘అద్దంలో నీళ్ళు కనపడుతున్నాయే’ అంది. ఆ తర్వాత వాల్వ్ చప్పుడు దానంతటదే ఆగింది, డ్రమ్ము తిరిగే శబ్దం మారింది, బరువుగా తిరుగుతోంది. పాత చున్నీ చింపి పైపుని కిటికీ గ్రిల్లుకి కట్టేశాం. రెండు దుప్పట్లు, లుంగీలు విదిలించి వేశాను, మొత్తం వాష్ అయింది, కోడ్ లేదు. బోర్డు ఆర్డరు రద్దు చేయమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను.

రబ్బరు షీటు ఇంతకుముందు రెండు మూడుసార్లు మెషీన్‌లో వేసిన మాట నిజం. ఒకసారి మెషీన్ గోడకి కొట్టుకుంది, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఇక వేయను. మీరు అడగకపోయి ఉంటే వేస్తూనే ఉండేదాన్ని.

ఆ క్లిప్పు విడిగా దొరుకుతుందా? చున్నీ ముడి ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియదు.

మదనపల్లె మెకానిక్

సంతోషం అమ్మా. నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

క్లిప్పు కోసం కంపెనీ చుట్టూ తిరగక్కర్లేదు. పైపు వంపు కోసం ‘యూ’ ఆకారంలో ప్లాస్టిక్ గైడు ఒకటి అమ్ముతారు, ఎస్‌పీ రోడ్డులో స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి. అది దొరికేదాకా చున్నీ తీసేసి రెండు నైలాన్ టైలు వేయండి, పైపు నలగకుండా వదులుగా. ఎత్తు ఒకసారి టేపు పెట్టి కొలవండి, గ్రిల్లు మరీ పైనుంటే పంపుకి భారం. కొసని తూము గొట్టంలోకి బిర్రుగా దూర్చి టేపు చుట్టకండి, చుట్టూ గాలి ఆడాలి. గాలి ఆడకపోతే పైపు ఎత్తున ఉన్నా నీళ్ళు లాక్కునిపోతాయి, మళ్ళీ అదే కోడ్ వస్తుంది. మెషీన్‌ని లాగారు కాబట్టి నాలుగు కాళ్ళూ నేలకి ఆనాయో లేదో కూడా చూసుకోండి. పైన రెండు మూలల మీద చేతులు పెట్టి ఊపితే కదలకూడదు.